చెంగల్వ కోష్టు: మామిడి చెట్టు నీడలో అడవి పువ్వును పెంచుకోవడం ఎలా

పెరట్లో మామిడి చెట్టు కింద ఏదీ బతకడం లేదని చాలామంది బాధపడుతుంటారు. గులాబీ పెడితే సన్నగా సాగి ఊరుకుంటుంది. బంతి మొగ్గ తొడగదు. ఏళ్ల తరబడి ఆ జాగాను ఊడ్చి, నున్నగా ఉంచి వదిలేస్తారు. నేనూ అలాగే వదిలేశాను, ఒకసారి వానాకాలంలో మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీద వెళ్లేదాకా. వాగు పక్కన పెద్ద చెట్ల కింద మనిషి ఎత్తున మెలితిరిగిన కాడలు నిలబడి ఉన్నాయి. ఒక్కో కాడ కొసన ఎర్రటి పొత్తు, ఆ పొత్తులోంచి ఒకే ఒక్క తెల్లని పువ్వు. పైన ఆకులు కమ్ముకుని మధ్యాహ్నం కూడా మసకగా ఉంది. అంత నీడలో అంత తెల్లగా పూసే మొక్క మన కొండల్లోనే ఉంటే, మామిడి నీడ దండగని ఎందుకనుకోవాలి?

అదే చెంగల్వ కోష్టు. శాస్త్రీయ నామం హెలెనియా స్పీసియోసా. పాత పుస్తకాల్లో, చాలా నర్సరీల్లో ఇప్పటికీ కాస్టస్ స్పీసియోసస్ అనే ఉంటుంది. ఓషధుల పుస్తకాల్లో కెవుకన్న, బొమ్మకచిక అనే పేర్లూ కనిపిస్తాయి. అల్లం, పసుపులకు దగ్గరి బంధువే కానీ వాటి కుటుంబం కాదు, దీనిది వేరే కుటుంబం. భారతదేశం నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర కొస దాకా దీని సొంత నేల. మన తూర్పు కనుమల్లో తేమ నిలిచే లోయల్లో, వాగుల అంచున పెరుగుతుంది.

దీన్ని 1783లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన వృక్షశాస్త్రవేత్త యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. మొక్కలకు రెండు పదాల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్‌కు ఆయన శిష్యుడు. తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వైద్యుడిగా వచ్చి మన దేశంలోనే ఉండిపోయాడు. 1785లో కన్నుమూసింది కాకినాడ పక్కన జగన్నాథపురంలో. అప్పట్లో సామర్లకోటలో ఉన్న మరో వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ చివరి రోజుల్లో ఆయనకు వైద్యం చేశాడు. ఈ పువ్వు నా పెరట్లో పూసిన ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తాడు.

ముందుగా గుర్తుపట్టండి

తొందరపడి కొనకండి. ఈ మొక్క పేరుతో ఇంకేవో అమ్ముతారు. తెలియక అమ్మేవాళ్లే ఎక్కువ. నేను మొదటిసారి ఒక నర్సరీ నుంచి తెచ్చుకున్నది ఏడాది తర్వాత నారింజ రంగు పువ్వు పూసింది. అది చెంగల్వ కోష్టు కాదు, బ్రెజిల్ నుంచి వచ్చిన ఇన్సులిన్ మొక్క. మంచి మొక్కే, కానీ నేను వెతికింది అది కాదు. అప్పటి నుంచి ఈ కింది వరసలో చూసుకుంటున్నాను.

మొదట కాడను పై నుంచి చూడండి. అల్లం, పసుపు, దుంపరాష్ట్రకం లాంటివాటికి ఆకులు కాడకు ఇటొకటి అటొకటిగా రెండు వరసల్లో ఉంటాయి. చెంగల్వ కోష్టుకు ఒకే వరస. ఆ వరస కాడ చుట్టూ తిరుగుతూ పైకెక్కుతుంది, గుండ్రటి మెట్లదారిలాగా. పూత లేనప్పుడు కూడా ఈ ఒక్క గుర్తుతో అల్లం జాతి మొక్కల్ని పక్కన పెట్టేయవచ్చు. కాడ కూడా పైకి వెళ్లేకొద్దీ మెలి తిరుగుతుంది.

తర్వాత ఆకు మొదలు చూడండి. ఆకు తొడుగు కాడను పూర్తిగా గొట్టంలా చుట్టి ఉంటుంది. అల్లంలో ఆ తొడుగు ఒక పక్క తెరుచుకుని ఉంటుంది. ఆకు అడుగు భాగాన్ని వేలితో నిమిరితే మెత్తని నూగు తగులుతుంది, పట్టుగుడ్డ ముట్టుకున్నట్టు.

ఆకు నలిపి వాసన చూడండి. దుంప దొరికితే చిన్న ముక్క గిల్లి చూడండి. అల్లం ఘాటు, పసుపు వాసన, కచ్చూరాల పరిమళం ఏవీ ఉండవు. ఉత్త పచ్చి వాసన.

పూత కాలంలో అయితే అసలు సందేహమే ఉండదు. ఆకుల కాడ కొసనే గట్టి పొత్తు వస్తుంది. పొలుసులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, రంగు ముదురు ఎరుపు. ఆ పొలుసుల సందుల్లోంచి రోజుకు ఒకటి, ఎప్పుడైనా రెండు పూలు విచ్చుకుంటాయి. తెల్లటి పలచని రేకు, అంచులు ముడతలు ముడతలుగా, మధ్యలో పసుపు. పువ్వు ఆయుష్షు ఒక్క రోజు. మర్నాడు పక్క పొలుసు నుంచి ఇంకొకటి వస్తుంది. పువ్వులు రాలినా ఎర్ర పొత్తు వారాల తరబడి అలాగే ఉంటుంది. చాలామంది పొత్తునే పువ్వు అనుకుంటారు.

ఒక పోలిక మాత్రం బాగా మోసం చేస్తుంది. షాంపూ జింజర్ అని అమ్మే మొక్కకూ ఇలాంటి ఎర్ర పొత్తే ఉంటుంది. కానీ దాని పొత్తు ఆకుల కాడ కొసన రాదు. ఆకులు లేని పొట్టి కాడ ఒకటి విడిగా నేలలోంచి లేచి, దాని మీద వస్తుంది. పిండితే నురుగులాంటి రసం కారుతుంది. పొత్తు ఎక్కడి నుంచి లేచిందో చూస్తే చాలు.

పేరు విషయంలో ఒక హెచ్చరిక. మూలికల కొట్లో చెంగల్వ కోష్టు అని అడిగితే ఇచ్చే ఎండు వేరు ఈ మొక్కది కాకపోవచ్చు. అది హిమాలయాల్లో పెరిగే, సంస్కృతంలో కుష్ఠం అనే వేరే మొక్కది. రెంటికీ ఒకే పేరు అంటుకుంది. మన మొక్క దుంపలో డయోస్జెనిన్ అనే పదార్థం ఉంటుంది, స్టెరాయిడ్ మందుల తయారీకి ముడిసరుకుగా దాని మీద పరిశోధనలు జరిగాయి. అంటే శరీరం మీద పనిచేసే పదార్థం ఇందులో ఉందని అర్థం. షుగర్ తగ్గుతుందని ఎవరో చెప్పారని ఆకు నమలడం, దుంప కషాయం కాచుకోవడం చేయకండి. ముఖ్యంగా మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు. కంటికి కనువిందుగా ఉంటే చాలు.

దుంప ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

అడవి నుంచి మాత్రం కాదు. అరకు, పాడేరు, మారేడుమిల్లి వెళ్లినప్పుడు ఒక్క దుంప పీకితే ఏమవుతుందని అనిపిస్తుంది. నాకూ అనిపించింది. రిజర్వు అడవిలోంచి మొక్కను పీకి తేవడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, రోడ్డు పక్కన కనిపించే ఆ నాలుగు గుబుర్లనే ప్రతి కారూ చూస్తుంది. తలా ఒకటి తవ్వితే అక్కడ మిగిలేది గుంటలే. ఫొటో తీసుకుని రండి.

కడియం, కడియపులంక వైపు పెద్ద నర్సరీల్లో అడిగి చూడండి. కాస్టస్ అనే పేరుతో అడిగితే త్వరగా అర్థమవుతుంది. ఆకు మీద తెల్ల చారలున్న రకం, ఎర్ర గుండీలాంటి పొత్తున్న పొట్టి రకం చూపిస్తారు. ఆ పొట్టి రకం అమెరికా ఖండానిది. పచ్చటి ఆకు, తెల్ల పువ్వు ఉన్న నాటు రకమే కావాలని చెప్పండి. వీలైతే ఆగస్టులో, పూతలో ఉన్నప్పుడు వెళ్లి కళ్లతో చూసి తెచ్చుకోండి. అంతకన్నా మంచి దారి, ఇప్పటికే పెంచుతున్నవాళ్లను అడగడం. ఈ మొక్క ఉన్న ఇంట్లో మూడో ఏడాదికి పంచడానికి దుంపలు తప్పకుండా ఉంటాయి.

చోటు, మట్టి

నీడ మొక్క అంటే చీకటి మొక్క అని కాదు. అడవిలో ఇది పెద్ద చెట్ల కింద పెరుగుతుంది నిజమే, కానీ గాలికి కొమ్మలు కదిలినప్పుడల్లా ఎండ మచ్చలు మచ్చలుగా దాని మీద పడుతూనే ఉంటుంది. ఉదయం ఎండ రెండు మూడు గంటలు తగిలి, మధ్యాహ్నం నీడ ఉండే చోటు దీనికి సరిపోతుంది. మామిడి, పనస, సపోటా చెట్ల తూర్పు పక్క బాగుంటుంది. ఇంటికి ఉత్తరాన గోడ వారగా కూడా వస్తుంది. రెండు ఇళ్ల మధ్య సందులో, ఆకాశం కనిపించని చోట పెడితే ఆకులు వస్తాయి, పువ్వు రాదు. నడి ఎండలో పెడితే వానాకాలం బతికేస్తుంది కానీ ఆకు అంచులు కాలిపోయి అందవిహీనంగా తయారవుతుంది.

చెట్టు మొదట్లోనే తవ్వకండి. మాను నుంచి కనీసం నాలుగైదు అడుగులు జరగండి. లేకపోతే చెట్టు వేళ్లు తెగుతాయి, పైగా ఆ వేళ్లే నీళ్లన్నీ లాగేసుకుంటాయి. అడుగు లోతు, అడుగున్నర వెడల్పు గుంట చాలు. తవ్విన మట్టిలో సగం తిరిగి వాడి, మిగతా సగం బాగా చివికిన ఆకుల ఎరువు, పశువుల ఎరువు కలపండి. రెండు గుప్పిళ్ల వేపపిండి వేయండి.

నల్లరేగడి నేలైతే ఇంకో పని ఉంది. వానకు నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది. ఎర్రమట్టి, ఇసుక తెచ్చి జానెడు ఎత్తున మడి లేపి, దానిలో నాటండి. వాగు పక్కన పెరిగే మొక్కకు నీళ్లు ఎక్కువైతే ఏమిటని అనుకోకండి. వాగు గట్టున నీళ్లు పారతాయి, నిలవవు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే పద్నాలుగు, పదహారు అంగుళాల కుండీ తీసుకోండి. దుంప అడ్డంగా పాకుతుంది కాబట్టి లోతు కన్నా వెడల్పు ముఖ్యం. రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు ఆకుల ఎరువు, ఒక పాలు ఇసుక. తూర్పు బాల్కనీ మంచిది. పడమటి బాల్కనీలో పెడితే మాత్రం గ్రీన్ నెట్ తప్పదు.

నాటడం

పసుపు నాటే రోజులే దీనికీ. రోహిణి కార్తె ఎండలు పోయి, మృగశిర కార్తెలో మొదటి వానలు పడ్డాక, అంటే జూన్ రెండో వారం నుంచి. అప్పుడు దుంప కన్ను, అంటే మొలక వచ్చే చోటు, తనంతట తానే ఉబ్బుతుంది.

రెండు మూడు అంగుళాల పొడవున, కనీసం రెండు కళ్లున్న ముక్క తీసుకోండి. కోసిన చోట బూడిద అద్ది ఒక పూట నీడలో ఆరనివ్వండి. కన్ను పైకి ఉండేలా అడ్డంగా పరిచి, పైన రెండంగుళాల మట్టి కప్పండి. దుంపకూ దుంపకూ రెండడుగులు వదలండి. మొదట బోసిగా అనిపిస్తుంది, మూడో ఏటికి చోటు చాలదు. నాటాక ఒకసారి తడిపి వదిలేయండి. మొలక కనిపించేదాకా రోజూ నీళ్లు పోస్తే కుళ్లే ప్రమాదం ఉంది. మొలక రావడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు, టెన్షన్ పడి తవ్వి చూడకండి.

దుంప దొరకనివాళ్లు కాడతోనూ పెంచవచ్చు. పూత అయిపోయిన కాడను జానెడు ముక్కలుగా కోసి, ఆకులు తీసేసి, తడి ఇసుక మీద గానీ కోకోపీట్ మీద గానీ అడ్డంగా పడుకోబెట్టి, సగం మునిగేలా కప్పండి. నీడలో ఉంచి తేమ ఆరకుండా చూస్తే కణుపుల దగ్గర పిలకలు లేస్తాయి. వేళ్లు పట్టాక విడదీసి నాటుకోవచ్చు.

ఆకులు ఊడ్చకండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే అని నా నమ్మకం, మనకు అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే. పొద్దున్నే చీపురు పట్టి పెరడంతా ఊడ్చి, రాలిన ఆకులు పోగేసి కాల్చడం మన ఇళ్లలో పుట్టిన దగ్గర నుంచి చూస్తున్నాం. అడవిలో ఆ ఆకులే దుప్పటి, ఆ ఆకులే ఎరువు. ఎండాకాలంలో దుంప చల్లగా ఉండేది వాటి కిందే. మొక్క చుట్టూ నాలుగంగుళాల మందాన రాలిన మామిడాకు పరవండి. చివికేకొద్దీ పైన కొత్తది వేస్తూ ఉండండి. కాడ మొదట్లో మాత్రం ఆకులు ఒత్తుగా ఆనకుండా కాస్త ఖాళీ వదలండి.

మా అమ్మ మొదట ఒప్పుకోలేదు. ఆకుల్లో పురుగూ పుట్రా చేరతాయని ఆవిడ భయం. ఆ భయం తీసిపారేయాల్సింది కాదు. అందుకే మడిని నడిచే దారికి, నీళ్ల పంపుకు, పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా పెట్టాను. అంచుకు ఇటుకలు పేర్చి ఆకులు దాటి రాకుండా చేశాను. చేత్తో ఆకులు కదిపే ముందు కర్రతో ఒకసారి తట్టడం, రాత్రి పూట టార్చి లేకుండా అటు వెళ్లకపోవడం అలవాటు చేసుకున్నాం. మీరూ అలాగే చేయండి.

వానాకాలంలో చూసుకోవలసినవి

వానలు పడుతున్నంతకాలం నీళ్ల గురించి ఆలోచించనక్కర్లేదు. వారం పైగా వాన లేకపోతే రెండు రోజులకొకసారి తడపండి. జూలై, ఆగస్టు నెలల్లో ఒక్కో గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. యూరియా వేస్తే కాడ మెత్తగా, పొడవుగా పెరిగి మొదటి గాలివానకే పడిపోతుంది. ఎంత జాగ్రత్తగా పెంచినా మనిషి ఎత్తు దాటిన కాడలు కొన్ని వాలతాయి. వెదురు కర్ర పాతి వదులుగా కట్టండి.

మొదటి ఏడాది పూయకపోతే బెంగపడకండి. దుంప చిన్నదైతే ఆ ఏడు ఆకులతోనే సరిపెడుతుంది. రెండో ఏడాది జూలై నుంచి సెప్టెంబరు మధ్య ఎప్పుడైనా పొత్తు కనిపిస్తుంది.

పొత్తు మీద చీమలు తిరుగుతుంటాయి. చూడగానే మందు కొట్టకండి. ఆ పొలుసులు పువ్వుతో సంబంధం లేకుండా విడిగా తేనె చుక్కలు ఊరుస్తాయి. చీమలు వచ్చేది ఆ తీపి కోసమే. అవి తిరిగే చోట పొత్తును కొరికే పురుగులు అంత సులువుగా చేరలేవు. పొద్దున పూట నల్లని తుమ్మెదలు వచ్చి తెల్ల పువ్వులో తల దూరుస్తాయి. మందు కొడితే అవీ పోతాయి.

అసలు శత్రువులు నత్తలు. వానాకాలం రాత్రుళ్లు లేత మొలకను మొదలంటా తినేస్తాయి. రాత్రి ఎనిమిది తర్వాత టార్చి పట్టుకుని, చేతికి కవరు తొడుక్కుని ఏరేయడమే నాకు తెలిసిన మంచి మందు. ఆకు చుట్టుకుని లోపల దాక్కునే పురుగు కనిపిస్తే ఆ ఆకు ఒక్కటి తీసేయండి. నాలుగు ఆకులు చిల్లులు పడితే మొక్కకేమీ కాదు.

పండిన పొత్తులో ఎర్రటి కాయలు, వాటిలో నల్లని గింజలు, గింజకు తెల్లటి కండ ఉంటాయి. ఆ కండ కోసం పిట్టలు వస్తాయి. గింజలు నాటాలనుకుంటే కాయ పగలగానే తీసుకోండి. కండను కడిగేసి వెంటనే తడి ఇసుకలో చల్లండి, దాచిపెట్టకండి.

నిద్రను నమ్మండి

దీపావళి దాటాక ఆకులు పసుపు తిరుగుతాయి. సంక్రాంతి నాటికి కాడలు వడలి, ఎండిపోతాయి. ఎక్కువమంది ఈ మొక్కను పోగొట్టుకునేది ఇక్కడే. చచ్చిపోతోందనుకుని రోజూ నీళ్లు పోస్తారు, దుంప కుళ్లుతుంది. లేదా ఎలాగూ పోయిందని కుండీ బోర్లించి అందులో ఇంకోటి నాటుకుంటారు. నేను నా మొదటి నాటు మొక్కను రెండో రకంగా సగం పోగొట్టుకున్నాను. మార్చిలో కుండీ మట్టి తిరగేస్తే, దుంప గట్టిగా, తెల్లగా, బతికే ఉంది. అప్పటికే పార తగిలి రెండు ముక్కలైంది. ఒక ముక్క దక్కింది, రెండోది దక్కలేదు. ఇప్పటికీ నాకు ఆ బాధ ఉంది.

ఇది వానతో లేచి ఎండతో పడుకునే మొక్క. కాడలు పూర్తిగా ఎండాక నేల మట్టానికి కోసేయండి. ఆ కాడల్నే ముక్కలు చేసి మడి మీదే పరచండి. ఫిబ్రవరి నుంచి మే దాకా నేలలో ఉన్నదానికి పది పదిహేను రోజులకొకసారి పైపైన చిలకరిస్తే చాలు. కుండీని పూర్తి నీడలోకి జరిపి, వారానికొక చెంబు నీళ్లు. దుంప ఎక్కడుందో మర్చిపోకుండా పక్కన ఒక పుల్ల గుచ్చి పెట్టండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ పుల్ల లేకపోతే మేలో ఎవరో ఒకరు అక్కడ పార దించుతారు. గోదావరి జిల్లాల్లో తేమ ఉన్న పెరళ్లలో కొన్ని కాడలు ఏడాదంతా పచ్చగానే ఉండిపోవచ్చు. అలా ఉంటే కోయకండి. హైదరాబాదులో, రాయలసీమలో దాదాపు అన్నీ పడుకుంటాయి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు పెంచాలనుకుంటే ఒక మాట. మంచు పడే ఊళ్లలో దీన్ని కుండీలోనే పెంచి, చలికాలం నిద్ర ఇంట్లో వెచ్చగా పోనివ్వండి. హవాయి లాంటి పసిఫిక్ ద్వీపాల్లో అయితే అసలు నాటకండి. అక్కడ ఇది అడవుల్లోకి పాకి కలుపుగా మారింది. మన కొండల్లో సొంత బిడ్డ అయినది అక్కడి మొక్కలకు ఊపిరాడనివ్వడం లేదు. అక్కడి అడవి పువ్వులు అక్కడివే ఉన్నాయి, వాటిని వెతుక్కోండి.

మూడో ఏట విడదీయడం

మూడో ఏడాది మే చివర్లో, కళ్లు ఉబ్బక ముందే, గుబురును ఒక పక్క నుంచి తవ్వి సగం దుంపలు తీయండి. మొత్తం పెకలించకండి, మధ్యలోవి అలాగే ఉండనివ్వండి. మెత్తబడినవి, గోధుమ రంగు తిరిగినవి పారేయండి. గట్టివాటిని తడి గోనెపట్టాలో చుట్టి నీడలో పెడితే వారం రోజులు నిలుస్తాయి. ఈలోపు ఎవరికివ్వాలో వాళ్లకివ్వండి. ఇచ్చేటప్పుడు మూడు విషయాలు కాగితం మీద రాసి గోనెకు కట్టండి: కన్ను పైకి పెట్టాలి, తినకూడదు, సంక్రాంతికి ఎండిపోతే తవ్వకూడదు. కిందటేడు మా వీధిలో మూడిళ్లకు అలా ఇచ్చాను. వాటిలో రెండు ఈ ఆశ్లేష కార్తెలో పూశాయి. మూడోది ఆకులతోనే ఉంది, దాని దుంప చిన్నది.